చిక్కడపల్లిలో చిక్కటి కాఫీ!

ఇత్తడి ఫిల్టరు చుక్కచుక్కగా దించే డికాక్షన్ ఒకవైపు. స్టవ్ మీద బుసలు కొడుతూ పైకి తన్నుకొచ్చే కరీబియన్ కాఫీ మరోవైపు. ఈ రెండూ చిక్కడపల్లిలోని ఓ పాతకాలపు వంటింట్లో ఎదురుపడ్డాయి. ఎవరు గెలిచారు? అసలు ఆ రెంటికీ ఉన్న చుట్టరికం ఏమిటి? రండి, ఓ కప్పు కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం!

పొద్దున్న ఐదున్నర. చిక్కడపల్లి మెయిన్ రోడ్డులో మెట్రో స్తంభాల కింద ఇంకా రద్దీ మొదలవలేదు. వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర పూలవాళ్లు బుట్టలు దించుకుంటున్నారు. పాలబ్బాయి సైకిలు సందుల్లో తిరుగుతోంది. పుస్తకాల సంచీ భుజాన వేసుకున్న కుర్రాళ్లు అశోక్‌నగర్ గదుల్లోంచి బయటపడి నగర కేంద్ర గ్రంథాలయం వైపు నడుస్తున్నారు... ముందు వెళ్లిన వాళ్లకే కుర్చీ మరి!

మెయిన్ రోడ్డు వదిలి ఏదైనా సందులోకి తిరగండి. కిందింటి కిటికీలోంచో పై వాటా వరండాలోంచో ఓ వాసన పలకరిస్తుంది. అగరొత్తుల వాసన కాదు, పోపు వాసనా కాదు. అప్పుడే దిగిన డికాక్షన్ వాసన. 'దిగిన' అనే అనాలి. టీ అయితే పెడతాం, మరిగిస్తాం. కాఫీ మాత్రం దిగాలి. దిగాక కలపాలి. తొందరపెడితే దిగదు. ఆ ఒక్క మాటలోనే ఫిల్టరు కాఫీ గుణమంతా ఉంది.

ఇరానీ చాయ్ ఊళ్లో కాఫీ వాటా!

హైదరాబాద్ అంటే ఇరానీ చాయ్. అందులో సందేహం లేదు. మరి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్లలో ఈ కాఫీ పిచ్చి ఎక్కడిది? 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అప్పటిదాకా కర్నూలులో నడిచిన ఆఫీసులు హైదరాబాద్‌కి తరలివచ్చాయి. ఫైళ్లతోపాటు గుమస్తాలు, గుమస్తాలతోపాటు వాళ్ల కుటుంబాలు, కుటుంబాలతోపాటు ట్రంకు పెట్టెల్లో ఇత్తడి ఫిల్టర్లు! అలా వచ్చిన వాళ్లలో చాలామంది ఈ చుట్టుపక్కలే అద్దె వాటాల్లో చేరారు. వాళ్లకన్నా ముందే ఉడిపి పద్ధతి హోటళ్లు ఊరికి ఇడ్లీ, దోసెలతోపాటు కాఫీని కూడా అలవాటు చేశాయి. నారాయణగూడ తాజ్‌మహల్ హోటల్లో టిఫిను తిని, కాఫీ తాగి సినిమాకు వెళ్లిన జ్ఞాపకం ఈ ప్రాంతపు పెద్దవాళ్లలో చాలామందికి ఉంటుంది. ఇక త్యాగరాయ గానసభలో కచేరీ అయ్యాక ఇంటికొచ్చి, వేళకాని వేళ ఇంకో కప్పు కాఫీ తాగడమంటారా... అది కచేరీలో భాగమే!

కాఫీపొడి కొట్టుకి వెళ్లడం కూడా ఓ తంతు. గింజలు కళ్లెదుటే మరలో పడాలి. 'పీబెర్రీ సగం, ప్లాంటేషన్ సగం. చికోరీ వందకి ఇరవై. మరీ మెత్తగా వద్దు' అని చెప్పేవారు మా పిన్ని. సాధారణంగా కాఫీ పండులో రెండు గింజలుంటాయి, ఎదురెదురుగా చదునుగా. ఎప్పుడైనా ఒకే గింజ ఎదిగితే అది గుండ్రంగా ఉంటుంది. అదే పీబెర్రీ. పండుని నీళ్లలో కడిగి, గుజ్జు తీసి ఎండబెట్టిన అరబికా గింజని వ్యాపారులు ప్లాంటేషన్ అంటారు. పండుని పండుగానే ఎండబెట్టి గింజ తీస్తే చెర్రీ. ఇవన్నీ మా పిన్నికి ఎవరు చెప్పారో తెలీదు. కొట్టతను మాత్రం ఆవిణ్ణి చూడగానే మరలో ఉన్న పొడి దులిపి, కొత్తగా ఆడించేవాడు.

పిన్ని లేని వంటిల్లు

ఈ కథ నిజానికి మా బాబాయిది. చిక్కడపల్లిలో నలభై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. సర్కారీ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పిన్ని ఉన్నన్నాళ్లూ ఆయన స్టవ్ వెలిగించి ఎరగరు. పొద్దున్నే పేపరు పక్కన గ్లాసు, గిన్నె ఉండేవి. అవి ఎలా వస్తున్నాయన్న ఆలోచనే ఆయనకు రాలేదు. 2023 సంక్రాంతి వెళ్లిన వారానికి పిన్ని పోయారు. కర్మకాండలయ్యాయి. చుట్టాలంతా వెళ్లిపోయారు. ఆ మర్నాడు పొద్దున్న పేపరొచ్చింది. కాఫీ రాలేదు.

'ఏమిటోరా, ఆవిడ లేదని నాకు తెలిసింది ఆ పొద్దున్నే' అన్నారు బాబాయి ఓసారి నాతో. అంతకుమించి ఆ విషయం ఎప్పుడూ మాట్లాడలేదు.

వంటమనిషి కుదిరింది కానీ ఆమె వచ్చేది ఎనిమిదింటికి. ఐదున్నరకి లేచే మనిషికి ఎనిమిదింటిదాకా కాఫీ లేకపోతే ఎలా? కొన్నాళ్లు ఇన్‌స్టంట్ పొడితో నెట్టుకొచ్చారు. తర్వాత ఓ రోజు అటక మీంచి ఫిల్టరు దింపారు. పిన్ని కొలత ఎంతో ఎక్కడా రాసి లేదు. పొడి డబ్బాలో అరిగిపోయిన ఇత్తడి చెంచా ఒకటి దొరికింది. అదే కొలత. ఎన్ని చెంచాలు? ఎవరికీ తెలీదు. మొదటి రోజు వచ్చింది కాఫీ నీళ్లు. రెండోరోజు చేదు విషం. మూడోరోజు అసలు దిగనేలేదు. రంధ్రాలు మూసుకుపోయాయి.

అప్పుడు ఆదుకున్నది ఎదురింటి మామ్మగారు. 'ఫిల్టరు పైగిన్నెని బోర్లించకుండా స్టవ్ మంట మీద పట్టకారుతో ఓ నిమిషం పట్టుకోండి. రంధ్రాల్లో ఇరుక్కున్న పొడి కాలిపోతుంది. చల్లారాక తట్టి కడగండి' అన్నారు. ఇది స్టీలు ఫిల్టరుకి మాత్రమేనండోయ్! కళాయి పూసిన ఇత్తడిదాన్ని మంట మీద పెడితే కళాయి కరిగిపోతుంది. దానికి సన్నటి సూదే గతి. బాబాయికి అదృష్టం బాగుండి పిన్ని రోజూ వాడింది స్టీలుదే. ఇత్తడిది పండగలకి, పదిమందీ వచ్చినప్పుడూ.

డికాక్షన్ కుదరాలంటే...

మూణ్నెల్లు తంటాలుపడి బాబాయి కనిపెట్టిన పద్ధతి ఇది. ఇద్దరికి సరిపోతుంది.

* పైగిన్నె పొడిగా ఉండాలి. తడి ఉంటే పొడి అడుగున ముద్దకట్టి, డికాక్షన్ దిగదు.

* మూడు చెంచాలు నిండుగా పొడి వేయాలి. గొడుగులాంటి బిళ్లతో పైపైన అదమాలి. గట్టిగా నొక్కితే దిగదు. అసలు నొక్కకపోతే నీళ్లు జారిపోయి పల్చబడుతుంది.

* నీళ్లు తెర్లి మరిగాక స్టవ్ ఆపి, అర నిమిషం ఆగి పోయాలి. ఒకేచోట కాకుండా బిళ్ల మీద గుండ్రంగా తిప్పుతూ పోయాలి.

* మూతపెట్టి మర్చిపోవాలి. పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. మధ్యలో మూత తీసి చూస్తే వేగంగా దిగదు, వాసన మాత్రం పోతుంది!

* పాలు పొంగగానే దించాలి. గ్లాసులో ముందు పంచదార, దాని మీద డికాక్షన్, ఆపైన పాలు. కలిపిన కాఫీని మళ్లీ స్టవ్ ఎక్కించకూడదు. డికాక్షన్ మరిగితే చేదెక్కుతుంది.

ఇక్కడ చికోరీ సంగతీ చెప్పుకోవాలి. అది కాఫీ గింజ కాదు, ఓ మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడికొడతారు. అందులో కెఫీన్ ఉండదు. నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది కాబట్టి డికాక్షన్ నిదానంగా, నల్లగా, చిక్కగా దిగుతుంది. అందుకే మనకది ఇష్టం. అలాగని కాఫీ పేరుతో చికోరీని అమ్మేస్తానంటే కుదరదు. మన ఆహార భద్రత నిబంధనల ప్రకారం ఈ మిశ్రమంలో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గకూడదు. ఏది ఎంతుందో ప్యాకెట్ మీద రాయాలి. ఈసారి కొనేటప్పుడు ఓసారి చూడండి.

టాంపా నుంచి ఓ కుండ

ఆ ఏడాది డిసెంబరులో బాబాయి కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. ఫ్లోరిడాలోని టాంపాలో ఉద్యోగం. ఆ ఊరు క్యూబా వాళ్లకి పాత మకాం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో చుట్టల ఫ్యాక్టరీలు పెట్టినప్పుడు క్యూబా నుంచి వేలమంది కార్మికులు అక్కడి యీబోర్ సిటీకి వలసొచ్చారు. చుట్టలతోపాటు వాళ్ల కాఫీ కూడా వచ్చింది. మనవాళ్లు కర్నూలు నుంచి ఫిల్టర్లు మోసుకొచ్చినట్టే!

వాడు సూట్‌కేసులోంచి తీసింది ఎనిమిది పలకల అల్యూమినియం కుండ. నడుము దగ్గర సన్నగా, నల్లటి పిడితో. 'నాన్నా, ఇరవై నిమిషాలు కూర్చోనక్కర్లేదు. స్టవ్ మీద పెడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది' అన్నాడు. ప్రపంచమంతా దీన్ని మోకా కుండ అంటుంది. 1933లో ఇటలీలో బియలెట్టి కంపెనీ పుట్టించింది. క్యూబాలో కఫెతేరా అని, డొమినికన్ రిపబ్లిక్‌లో గ్రేకా అని పిలుస్తారు. ఇటలీలో పుట్టినా, ఆ రెండుచోట్లా వంటిళ్లలో ఇది మామూలే.

పనిచేసే తీరు చిత్రంగా ఉంటుంది. కింది గదిలో నీళ్లు. మధ్యలో జల్లెడలాంటి గరాటులో పొడి. పైన ఖాళీ గది. కిందినుంచి వేడి తగిలితే నీటి పైనున్న ఆవిరి, గాలి వ్యాకోచించి నీటిని గరాటు గొట్టంలోంచి పైకి నెడతాయి. ఆ నీళ్లు పొడిలోంచి దూసుకుపోయి పైగదిలో కాఫీగా పడతాయి. అంటే మన ఫిల్టరులో నీళ్లు పైనుంచి కిందికి, దీంట్లో కిందినుంచి పైకి! అక్కడ పనిచేసేది భూమ్యాకర్షణ, ఇక్కడ ఆవిరి.

కొడుకు వెళ్లిన మర్నాడు బాబాయి సొంతంగా ప్రయత్నించారు. చేతిలో ఉన్నది చికోరీ కలిపిన ఫిల్టరు పొడి. అలవాటుకొద్దీ గరాటులో నిండుగా పోసి, బిళ్లతో అదిమినట్టు చెంచాతో నొక్కారు. స్టవ్ పెద్దది చేశారు. కాసేపటికి అతుకు దగ్గర గోధుమరంగు నీళ్లు చిమ్మాయి. పక్కనున్న చిన్న వాల్వులోంచి ఆవిరి సుయ్యిమంది. స్టవ్ ఆపి హాల్లోకి పరుగు!

ఏం జరిగింది? మెత్తటి పొడిలో చికోరీ ఉబ్బింది. పైగా నొక్కడంతో దారి మూసుకుపోయింది. ఆవిరికి పోయే తోవ లేదు. ఇలాంటప్పుడు పేలిపోకుండా కాపాడేందుకే ఆ వాల్వు. ఫిల్టరులో ఒప్పయినది ఇక్కడ తప్పయింది. అంతే తేడా!

కరీబియన్ పద్ధతి ఇదీ!

బాబాయి వదిలే రకం కాదు. కాఫీపొడి కొట్టుకి వెళ్లి సంగతి చెప్పారు. కొట్టతను చికోరీ లేకుండా అచ్చం కాఫీ గింజల్ని కాస్త బరకగా, సన్న రవ్వలా ఆడించిచ్చాడు. టాంపా నుంచి కొడుకు ఫోన్లో వీడియో పెట్టి చూపించాడు.

* కింది గదిలో నీళ్లు వాల్వు దాటకూడదు.

* గరాటులో పొడి అంచుదాకా పోసి చెంచా వెనకతో సమం చేయాలి. నొక్కనే కూడదు. అంచుకి అంటిన పొడి తుడవాలి. లేకపోతే అతుకు సరిగా బిగుసుకోదు.

* గట్టిగా బిగించి సన్నమంట మీద పెట్టాలి. మన గ్యాస్ స్టవ్ ఊచల మధ్య ఈ చిన్న కుండ నిలవదు, ఒరిగిపోతుంది. మీద చిన్న ఇనుప స్టాండు వేసుకుంటే సరి.

* మూత తెరిచి చూస్తుంటే ముందు చిక్కటి నల్లటి చుక్కలు వస్తాయి. ఆ తొలిచుక్కల్ని ఓ చెంచాడు తీసి, గ్లాసులో ఉన్న పంచదారలో వేసి గిలకొట్టాలి. తెల్లబడి నురగలా పొంగుతుంది. క్యూబా వాళ్లు దీన్ని ఎస్పుమీతా అంటారు. మిగతా కాఫీ దీని మీద పోస్తే నురగ పైకి తేలుతుంది.

* గురగుర చప్పుడు మొదలవగానే దించేయాలి. ఆ తర్వాత వచ్చేదంతా చేదే.

అన్నట్టు, కుండ మీద 'మూడు కప్పులు' అని ఉంటే మోసపోకండి. అవి వాళ్ల బుల్లి కప్పులు. మనకైతే పాలు కలిపాక ఇద్దరికి వస్తుంది. అతుకు మధ్యనుండే రబ్బరు చుట్టు గట్టిపడితే మార్చుకోవాలి. కుక్కరు గాస్కెట్‌కి ఉన్న నియమమే దీనికీ!

ఎస్పుమీతా చూడగానే బాబాయి నవ్వారట. 'ఇదా! మీ అమ్మ పెళ్లిచూపుల వాళ్లకి చేసేది కదరా' అన్నారు. ఇన్‌స్టంట్ పొడి, పంచదార, రెండు చుక్కల నీళ్లు వేసి చెంచాతో తెల్లగా గిలకొట్టే కాఫీ గుర్తుందా? అదే కిటుకు.

పోలిక అక్కడితో ఆగదు. మోకా కుండ రాకముందు కరీబియన్ ఇళ్లలో కాఫీపొడిని మరిగే నీళ్లలో వేసి, మేజోడులా కుట్టిన నూలు సంచిలో వడకట్టేవారు. ఇప్పటికీ పల్లెల్లో ఆ పద్ధతి ఉంది. మన అమ్మమ్మలూ అంతేగా! ఫిల్టరు లేని ఇళ్లలో మరిగిన నీళ్లలో పొడివేసి, మూతపెట్టి, పేరుకున్నాక తెల్లటి పల్చటి గుడ్డలో వడకట్టేవాళ్లు. ఆ గుడ్డ కాఫీ రంగు తేలి, తీగ మీద ఆరుతూ కనిపించేది. ఇక పొద్దున్నే సగం కాఫీ, సగం వేడిపాలు కలుపుకుని తాగడం క్యూబా ఇళ్లలోనూ మామూలే.

చుట్టరికం ఇక్కడ కలిసింది!

ఎక్కడో అట్లాంటిక్ అవతల దీవులు. ఎక్కడో చిక్కడపల్లి. ఇన్ని పోలికలు కాకతాళీయమా? కొంతవరకు అవును. కానీ మొక్క విషయంలో మాత్రం కాదు.

పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు హజ్ యాత్ర నుంచి తిరిగొస్తూ, యెమెన్‌లోని మోకా రేవు నుంచి ఏడు కాఫీ గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల మీద నాటాడని కథనం. ఆ కొండలకి ఇప్పుడు ఆయన పేరే. 1696లో డచ్చివాళ్లు మన మలబారు తీరం నుంచి కాఫీ మొక్కల్ని జావా దీవికి తీసుకెళ్లారు. అవి వరదల్లో పోతే 1699లో మళ్లీ తీసుకెళ్లారు. ఈసారి బతికాయి. జావా నుంచి ఓ మొక్క ఆమ్‌స్టర్‌డామ్ తోటకి చేరింది. 1714లో దాని పిల్లమొక్కని ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి కానుకగా ఇచ్చారు. ఆ సంతతిలోని మొక్కనే 1720ల్లో ద క్లియు అనే ఫ్రెంచి అధికారి ఓడలో మార్టినిక్ దీవికి చేర్చాడు. దారిలో మంచినీళ్లు కరవైతే తన వాటా నీళ్లు మొక్కకి పోసి బతికించానని ఆయనే రాసుకున్నాడు. కరీబియన్ దీవుల్లో కాఫీ విస్తరించడానికి ఆ మొక్క పెద్ద ఆధారమైంది.

అంటే ఏమిటన్నమాట? టాంపా నుంచి చిక్కడపల్లి వచ్చిన క్యూబా కాఫీ పద్ధతి వెనకున్న మొక్క, మన మలబారు మొక్కకి మునిమనవరాలు! 'మోకా' కుండ పేరు కూడా బాబా బుడన్ గింజలు దాచుకొచ్చిన ఆ రేవుదే!

ఈ కథలో తీపి ఒక్కటే లేదు. ఇప్పటి హైతీ అప్పట్లో సెయింట్ డొమింగ్ అనే ఫ్రెంచి వలస. 1780ల చివరికి ప్రపంచపు కాఫీలో దాదాపు సగం అక్కడే పండేది. పండించింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. 1791లో వాళ్లు తిరగబడ్డారు. 1804లో స్వతంత్ర దేశం సాధించుకున్నారు. మార్టినిక్‌లో 1848లో బానిసత్వం రద్దయ్యాక, తోటల్లో పనికి 1853 నుంచి మన తీరం కూలీలను ఓడలెక్కించారు. వాళ్లలో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. మొక్క వెళ్లిన నూటముప్పై ఏళ్లకి మనుషులూ వెళ్లారన్నమాట. మొక్కకైతే మంచినీళ్లు పోసే మనిషి దొరికాడు. వీళ్లలో చాలామంది తిరిగి సొంతూరి ముఖం చూడలేదు.

మన కొండల కాఫీ

మన తెలుగు నేల కాఫీ చరిత్ర కూడా చిన్నదేం కాదు. 1898లో తూర్పుగోదావరి మన్యంలోని పాములేరు లోయలో ఆంగ్లేయులు కాఫీ నాటారు. తర్వాత అది అరకు, పాడేరు కొండలకి పాకింది. అక్కడ గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పెంచుతారు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం వెలిసింది. 2019లో అరకు లోయ అరబికాకి భౌగోళిక గుర్తింపు దక్కింది. చికోరీ లేని అరకు పొడిని బరకగా ఆడించుకుంటే మోకా కుండకి చక్కగా కుదురుతుందని బాబాయి తీర్మానం.

రోజుకెన్ని కప్పులు మరి? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయ వైద్య పరిశోధన మండలితో కలిసి ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం రోజుకి కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించకూడదు. 150 మిల్లీలీటర్ల కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే రెండు, మహా అయితే మూడు కప్పులు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీలు తాగొద్దంటోంది ఆ సంస్థ. మనం తిన్న దాంట్లోని ఇనుము ఒంటికి పట్టకుండా అవి అడ్డుపడతాయి మరి. టిఫిను చేతిలో, కాఫీ నోట్లో పెట్టుకునే మనబోటి వాళ్లు కాస్త ఆలోచించాలి!

పై గది కుర్రాడు

బాబాయింటి మేడ మీద ఒకే గది. అందులో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఓ కుర్రాడు అద్దెకుండేవాడు. గ్రూప్-1కి చదివేవాడు. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ల లీకేజీతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశాడు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి రాశాడు. ఈసారి పరీక్ష నిలిచింది. అతని పేరే జాబితాలో లేదు.

ఆ ఫలితాలొచ్చిన రోజు గది తలుపు తెరుచుకోలేదు. పొద్దున్న లైబ్రరీకి వెళ్లలేదు. మధ్యాహ్నం మెస్సుకి వెళ్లలేదు. సాయంత్రం బాబాయి రెండు గ్లాసులు కలుపుకుని మెల్లగా మెట్లెక్కారు. మోకాళ్ల నొప్పులతో ఆయన మేడెక్కి ఏడాది దాటింది.

'తలుపు కొట్టి కాఫీ అన్నాను. తీశాడు. పరీక్ష మాట నేనెత్తలేదు. ఏం చెప్పను? గ్లాసు చేతికిచ్చి కూర్చున్నాను' అన్నారు బాబాయి.

'మా ఇంట్ల చాయే సార్. కాఫీ ఎర్కలేకుండె. ఆ దినం తాగిన' అని కుర్రాడు తర్వాత నాతో అన్నాడు. 'సార్ ఏం మాట్లాడలే. గ్లాసు ఖాళీ అయినంక, రేపు పొద్దుగాల కిందికి రా, డికాక్షన్ దించుడు నేర్పిస్త అన్నడు.'

మర్నాడు ఐదున్నరకి కిందికొచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు. పొద్దున్న ఫిల్టరు కాఫీ తాగి లైబ్రరీకి. మూడింటికి వస్తే మోకా కుండ కాఫీ. పాలు పొంగకుండా చూసే పని కుర్రాడిది. పేపర్లో కరెంట్ అఫైర్స్ చదివి వినిపించే పని బాబాయిది. చివరికి గ్రూప్-4లో అతనికి ఉద్యోగం వచ్చింది. అనుకున్న కొలువు కాదు. అయినా కొలువు!

అతను గది ఖాళీ చేసే రోజు బాబాయి ఓ పొట్లం చేతిలో పెట్టారు. విప్పితే పిన్ని రోజూ వాడిన స్టీలు ఫిల్టరు. 'ఇది మీ మేడమ్‌ది కదా సార్' అన్నాడట కుర్రాడు. 'ఆవిడ చేతిలో ఉన్నన్నాళ్లూ అది ఖాళీగా లేదు నాయనా. అటక మీద పెట్టడం నాకిష్టం లేదు' అన్నారట ఈయన. ఇప్పుడు బాబాయికి పొద్దున్న ఇత్తడి ఫిల్టరు. దానికి కొత్తగా కళాయి పెట్టించారు. ఇక పండగలకే అని దాచడం లేదు.

టాంపా వచ్చేయమని కొడుకు పోరు పెడుతూనే ఉన్నాడు. సందులో పాత ఇళ్లన్నీ ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లు అవుతున్నాయి. బాబాయి మాత్రం రెండు నెలలకి వస్తానన్నారు. ఉండిపోవడానికి కాదు, చూసి రావడానికి. యీబోర్ సిటీలో ఆ క్యూబా కొట్టు చూడాలట. సామాన్ల చీటీలో మొదటి పేరు, కిలో ఫిల్టరు పొడి!

మొన్న నేను వెళ్లేసరికి బాబాయి ఫోన్లో ఉన్నారు. అవతల ఆ కుర్రాడు.

'సార్, పొడి మంచిగనే ఏసిన. ఇరవై నిమిషాలయింది. డికాక్షన్ దిగుతలేదు.'

'రంధ్రాలు మూసుకుపోయుంటాయి. పట్టకారుందా? స్టవ్ వెలిగించి, పైగిన్నెని ఓ నిమిషం మంట మీద పట్టుకో. ఆ... తొందరపడకు. చల్లారాక తట్టు.'

ఫోను పెట్టేసి బాబాయి వంటింట్లోకి వెళ్లారు. నేను లేవబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపారు. ఐదు నిమిషాలకి పేపరు పక్కన రెండు గ్లాసులు వచ్చాయి.